ముట్టని టీ గ్లాసులు

"అజీ, ఈ టీ పారబోసి వేడిది పెట్టన్నా?"

రజియా పొద్దున్నుంచి ఇదే మాట అడుగుతోంది. సత్తార్ పొద్దున్నుంచి ఒకటే పరుపు కుడుతున్నాడు. సూది లేస్తోంది, దిగుతోంది. పరుపు మాత్రం ముందుకు జరగడం లేదు.

"తాగరు రజియా. వాళ్లు తాగనీకి రాలే."

"మరెందుకొచ్చిండ్రు? కొట్టనీకా?"

"కొట్టి పోతే మంచిగుండు."

షాపు ముందు రేకుల పందిరి కింద ఊటవాగు గుంపు మనుషులు కూర్చున్నారు. ఆడా మగా కలిసి ఓ పది మంది ఉంటారు. వాళ్ల ముందు స్టీలు పళ్లెంలో టీ గ్లాసులు పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. టీ మీద మీగడ కట్టింది. మీగడ మీద దూది నూగు వాలింది.

బూర్గంపాడులో సత్తార్ పరుపుల షాపుకు బూరుగు దూది వచ్చేది ఊటవాగు గుంపు అనే ఆ అడవి అంచు పల్లె నుంచే. ఎండల్లో కాయలు పగిలితే చాలు, బస్తాలు మోసుకుని దిగేవాళ్లు. దిగీదిగగానే నీళ్లు అడిగేవాళ్లు. తర్వాత టీ. ఆ తర్వాతే దూది మాట. వాళ్ల పెద్ద ముత్యాలు అయితే నేరుగా వంటింట్లోకి వచ్చి, "చెల్లే, ఇవాళ ఏం కూర?" అని గిన్నె మూత తీసేవాడు. సత్తారూ అతనూ నేస్తం కట్టుకున్న మనుషులు మరి.

ఆ ముత్యాలు ఇవాళ గడప తొక్కలేదు. సత్తార్ తెచ్చి వేసిన కుర్చీలో కూడా కూర్చోలేదు. నేల మీద గొంతుక్కూర్చుని, దూరంగా గోదారి వైపు చూస్తున్నాడు.

లోపలి గదిలో, తలుపు పక్కన గోడకు ఆనుకుని సత్తార్ కూతురు సనోబర్ నిలబడి ఉంది. పందిరి కింద నుంచి ప్రతి మాటా ఆమెకు వినబడుతోంది. వినబడాలనే గట్టిగా మాట్లాడుతున్నారు.

"సోమి వాగు దాటింది," అంటూ చదువుతున్నాడు శివ. ఆ గుంపులో డిగ్రీ దాకా వెళ్లిన కుర్రాడు. చేతిలో సనోబర్ రాసిన పుస్తకం. "జంట మద్దిచెట్ల నడుమ నుంచి నడిచింది. ఎడమ చేతికి ఏనుగు వీపులాంటి బండ. ఆ బండ కింద వంగి దూరితే..." చదవడం ఆపాడు. "ఎంత మంచిగ రాసినవక్కా! బస్టాండ్ల బోర్డు లెక్కనే ఉంది. కండక్టర్ తోటి పనే లేదు."



సనోబర్ ఇప్పటికి మూడు పుస్తకాలు రాసింది. మూడూ హైస్కూలు, ఇంటర్ పిల్లల కోసమే. మొదటి రెండూ ఎవరి కంటా పడలేదు. మూడోది 'సోమి దారి'. అది మాత్రం హాస్టళ్లలో పిల్లల దిండ్ల కింద చేరింది. అట్టలు ఊడేదాకా చేతులు మారింది. తల్లాడలో ఒక బడికి వెళ్తే ఆడపిల్లలు చుట్టూ మూగి, "అక్కా, సోమి నిజంగ ఉందా? ఆ దారి నిజంగ ఉందా?" అని చేయి వదల్లేదు. సనోబర్ ఆ సంబరంలో మైకు పట్టుకుని, "నేను నడవని దారి రాయను," అనేసింది.

ఆ మాటను నమ్మిన పిల్లలు ముగ్గురు ఖమ్మం నుంచి బయలుదేరారు. చెడ్డ పిల్లలేం కాదు, పుస్తకం మీద ప్రాణం పెట్టుకున్న వాళ్లు. అందులో ఉన్నట్టే నడిచారు, ఉన్నట్టే వంగి దూరారు. లోపల వెదురు గొట్టంలో చుట్టిపెట్టిన పడిగె దొరికింది. ఆ గుంపు తమ పూర్వీకులను బొమ్మలుగా గీయించుకున్న బట్ట అది. వాళ్ల వేల్పు ఉండేది అందులోనే. జాతర నాడు, ముత్యాలు ఉపవాసం ఉండి, స్నానం చేసి, తన చేత్తో విప్పాలి. వేరే ఏ కన్నూ పడకూడదు. పిల్లలు దాన్ని విప్పి, భుజాన కప్పుకుని, పాట పెట్టి వీడియో తీసుకున్నారు. 'అక్కా, సోమి దారి దొరికింది' అని రాసి సనోబర్‌కే పంపారు.

రోజూ అలాంటివి ఎన్నో వస్తాయి. సనోబర్ ఆ వీడియో పూర్తిగా చూడనైనా చూడలేదు. కింద ఎర్ర గుండె గుర్తు ఒకటి నొక్కి పక్కన పెట్టింది.

ఆ గుర్తునూ, తల్లాడలో ఆమె మైకు పట్టుకుని మాట్లాడిన వీడియోనూ శివ అందరికీ చూపించాడు.

"బయటికి పో బేటా," అంది రజియా లోపలికి వచ్చి. గొంతు తగ్గించలేదు. "పోయి వాళ్లడిగింది చెప్పు. వాళ్లేం ఆస్తి అడుగుతలేరు. ఒక్క పేరు. ఈ దారి నీకు ఎవరు చెప్పిండ్రు? అంతే గదా."

"అంతే కాదమ్మీ."

"ఇంకేంది? వానలు పడ్డయ్. గుంపు మొత్తం గింజ ముట్టకుంట కూసున్నది. కొత్త పడిగె గీయించి, వేల్పును పిలిచి, అప్పుడు గానీ ఇత్తనాలు ఎయ్యరంట. నోరు జారినోళ్లు ఎవరో తేలకుంట వేల్పు రాదంట. నీ మూలంగ వాళ్ల పొలాలు బీడు పడుతున్నయ్. నీకు నిద్రెట్ల పడుతున్నదే?"

"పడ్తలేదు."

"మరి చెప్పు!"

"చెప్తే ఆ మనిషిని గుంపు నుంచి ఎల్లగొడ్తరమ్మీ. ఇల్లు, పిల్లలు, పొలం, అన్నీ ఆడనే వదిలి పోవాలె. సచ్చినా ఆ మట్టిల పెట్టరు."

రజియా కాసేపు కూతురి ముఖంలోకి చూసింది. ఆ తల్లికి ఏదో అర్థమైంది. అర్థమైనందుకు భయపడి మంచం అంచున కూలబడింది.

"నేను నీకు అప్పుడే చెప్పిన," అంది చివరికి. "నీ దోస్తు ఫరహా లెక్క బ్యూటీ పార్లర్ పెట్టుకో అని. నలుగురి జుట్టు కత్తిరించుకుంట బతుకుదువు. ఈ రాతలు మనకెందుకు? ఎవల బతుకో తీసుకొచ్చి ఎవలకో చెప్పుడు, ఏం పనే ఇది?"

ఇన్నేళ్లలో సనోబర్‌ను తన పని గురించి ఇంత సూటిగా ఎవరూ అడగలేదు.

ఫోన్ మోగింది. హైదరాబాద్ నుంచి ఉదయశ్రీ. పుస్తకం వేసిన ప్రచురణ సంస్థలో ఎడిటర్. ఉత్సాహంలో హలో కూడా అనలేదు.

"సనోబర్, చూశావా? ఆ వీడియో తర్వాత కాపీలు మిగల్లేదు. రీప్రింట్‌కి వెళ్తున్నాం. రెండో భాగం ఎప్పుడిస్తావు?"

"మేడం, బుక్కు ఆపండి."

"ఏంటి?"

"ఆపండి. షాపుల నుంచి వాపసు తెప్పించండి. ఆ దారి ఉన్న చాప్టర్ తీసెయ్యండి."

ఉదయశ్రీ చెడ్డ మనిషేం కాదు. సనోబర్ మొదటి రెండు పుస్తకాలను ఎవరూ కొనకపోయినా మూడోది వేసింది ఆమే.

"కొత్త ప్రింట్‌లో తీసేస్తాను. నువ్వు చెప్పావు కాబట్టి తీసేస్తాను. కానీ ఇప్పటికే పిల్లల దగ్గర ఉన్నవి? ఆ పేజీని ఫొటోలు తీసి పంచుకుంటున్నారమ్మా. వాళ్లు చదివేసింది వాళ్ల బుర్రల్లోంచి నువ్వు తీయగలవా, నేను తీయగలనా?"

సనోబర్ ఫోన్ పెట్టేసింది. పద్నాలుగేళ్ల పిల్లల మనసులో దిగబడిపోయేలా రాయాలని ఆమె ఎన్ని రాత్రులు కష్టపడింది! రాసింది నిజంగానే దిగబడిపోయింది. ఇప్పుడు ఏ చెయ్యి పెట్టినా బయటికి రాదు.

పెరటి తలుపు మీద ఎవరో గోటితో గీకినట్టు చప్పుడైంది.

తలుపు తీసేసరికి సందులో పుష్పలత నిలబడి ఉంది. ముత్యాలు చిన్న కూతురు. గుంపులోనే పెళ్లి చేసుకుంది, అక్కడే అంగన్‌వాడీ టీచర్. పొద్దున్నుంచీ ఆమె కూడా పందిరి కిందే, తండ్రి వెనకే కూర్చుని ఉంది. ఒకప్పుడు ఇదే పెరట్లో సనోబర్‌తో కలిసి జామకాయలు కోసిన మనిషి, ఇవాళ గడప బయటే ఆగిపోయింది.

"లోపలికి రా."

"రాను. బయటికి పోవాలని చెప్పి లేచిన. జల్దీ పోవాలె."

జల్దీ పోవాలన్న మనిషి కదల్లేదు.

"నా పేరు చెప్తవా?" అంది పుష్పలత.

"పిచ్చా నీకు?"

"మా అమ్మ నా దిక్కే చూస్తున్నది సనో. ఎరికైందేమో. బాపుకైతే ఎరిక లేదు. ఎరికైతే ఆయన చేతులతోనే నన్ను ఎల్లగొట్టాలె. పెద్ద మనిషి ఆయనే గదా."

"నేను చెప్పను."

"నీకు నేనెందుకు చెప్పిన్నో యాదికున్నదా?"

సనోబర్‌కు గుర్తుండకపోవడమేంటి! ఇద్దరూ కలిసి చదువుకున్న హాస్టల్‌లో, బట్టలుతికే బండ మీద, ఓ ఆదివారం. మిగతా పిల్లలకు ఇంటి నుంచి మనుషులొచ్చారు. తనకు రాలేదు. ఏడ్చి ఏడ్చి వెక్కిళ్లు పట్టాయి. అప్పుడు పుష్పలత సబ్బు చేతులు పావడాకు తుడుచుకుని, "మా ముత్తవ్వ సోమి కథ చెప్పన్నా? ఎవరికీ చెప్పొద్దు మరి," అంది. వాగు దాటి, మద్దిచెట్లు దాటి, బండ కింద దూరి దాక్కున్న అమ్మాయి కథ. ఇప్పుడైతే వాగు అవతలికి ఆడవాళ్లు వెళ్లకూడదు. అందుకే పుష్పలత కూడా ఆ దారి ఎప్పుడూ చూడలేదు. అవ్వ నోట విన్నది విన్నట్టు చెప్పింది. సనోబర్ ఏడుపు ఆగిపోయింది. పిల్లల కోసం కథలు రాయాలన్న కోరిక పుట్టింది ఆ బండ మీదే.

"నువ్వు ఏడుస్తుంటే చెప్పిన," అంది పుష్పలత. "అచ్చేస్తవని చెప్పలే."

"రాసేటప్పుడు మళ్లీ అడిగిన గదనే. మళ్లీ చెప్పినవ్."

"అడిగినవ్. చెప్పిన." పుష్పలత కళ్లు తుడుచుకుంది. "సంబరపడ్డ. మా సోమి అవ్వ బుక్కుల కూసుంటదని. ఊరు మారుస్తవ్, చెట్టు మారుస్తవ్ అనుకున్న. రైటర్లు మారుస్తరంట గదా?"

మార్చొచ్చు. మద్దిచెట్టును వేప చెయ్యొచ్చు, ఎడమను కుడి చెయ్యొచ్చు. ఒక్క పూట పని. నిజంగా ఉండాలి, నిజంగా ఉండాలి అన్న పిచ్చిలో పడి ఆ ఒక్క పూట పని చెయ్యలేదు. తీరా చూస్తే వాగు దాటి ఆమె ఒక్క అడుగైనా నడవలేదు. నడవని దారి రాయనన్నది మైకు ముందు చెప్పిన అబద్ధం.

"నా బిడ్డకు నాలుగేళ్లు కూడ లేవే," అంది పుష్పలత. "ఎల్లగొడ్తే దాన్ని నాతోని పంపరు. చెప్పకే సనో. నీ కాళ్లు మొక్కుత."

"ఏయ్, లే! లే ముందు!"

వంగబోయిన మనిషిని సనోబర్ భుజం పట్టి లేపింది. పందిరి వైపు నుంచి ఎవరో వాళ్ల భాషలో పుష్పలతను కేకేశారు. ఆమె కొంగు సర్దుకుని సందులో గబగబా నడిచి వెళ్లిపోయింది.

సనోబర్ తలుపు వేసి, తల మీద దుపట్టా సరిచేసుకుని, నేరుగా షాపులోంచి బయటికి నడిచింది. రజియా వెనక నుంచి చెయ్యి పట్టుకుంది. విడిపించుకుంది.



"రండి రండి, రైటర్ మేడం," అన్నాడు శివ. "ఆటోగ్రాఫ్ ఇయ్యనీకి వచ్చిండ్రా?"

"నువ్వు ఊకో," అన్నాడు ముత్యాలు. అతను నోరు తెరవడం పొద్దున్నుంచి అదే మొదలు. "చెప్పు బిడ్డా. నిన్ను నేను ఎత్తుకుని తిప్పిన. నేను నీ మీదికి కొట్లాటకు రాలే. ఆ దారి నీకు ఎవరు చెప్పిండ్రు?"

"ఎవరూ చెప్పలే పెదనాయనా."

"మరి?"

"నేనే చూసిన. పోయిన జాతరకు మీరంతా పోతుంటే ఎనక నుంచి వచ్చిన. వాగు దాటిన. చెట్టు సాటుకు నిలబడి చూసిన. మీరెవరూ నన్ను చూడలే."

ఆడవాళ్లలో ఒక గుసగుస లేచి అణగిపోయింది. ఆడమనిషి వాగు దాటింది!

"అబద్ధం," అన్నాడు శివ. "ఎవరినో దాస్తున్నది."

"అబద్ధమెందుకు చెప్త? నడవని దారి రాయనని మైకుల చెప్పిన. నువ్వే అందరికి చూపెట్టినవ్ గద తమ్మీ ఆ వీడియో కూడ."

మైకు ముందు ఆడిన ఆ పాత అబద్ధమే ఇవాళ సాక్ష్యంగా నిలబడింది.

ముత్యాలు మెల్లగా లేచాడు. మోకాళ్లు పట్టేసినట్టున్నాయి, పందిరి గుంజ పట్టుకున్నాడు. సనోబర్ వైపు చూడలేదు. షాపులోకి, సగం కుట్టిన పరుపు ముందు కూర్చున్న సత్తార్ వైపు చూశాడు.

"సాయిబూ! ఇటు రా."

సత్తార్ సూది చేత్తో పట్టుకునే వచ్చాడు.

"నువ్వు నా దగ్గర ఇన్నేళ్లల్ల ఒక్క అబద్ధం ఆడలే. తూకంలో ఆడలే, మాటల ఆడలే. నీ బిడ్డ చెప్పింది నిజమేనా? నువ్వు అవ్ అను, నేను నమ్ముత. ఇంకెవరినీ అడగ."

జాతర రోజుల్లో సనోబర్ జ్వరంతో ఇదే ఇంట్లో పడుకుని ఉంది. దవాఖానాకు తీసుకెళ్లింది ఆయనే. తడిగుడ్డ వేసి పక్కన కూర్చున్నదీ ఆయనే. ఆ వారమంతా ఇల్లు కదల్లేదు.

ఆయన కూతురి వైపు చూశాడు. సనోబర్ తల దించుకుని నిలబడి ఉంది. ఆయన చూపు ఆమెను దాటి, ముత్యాలు వెనక కూర్చున్న పుష్పలత మీద పడింది. అక్కడ కాసేపు ఆగింది. ఈ పెరట్లో ఇద్దరూ కలిసి తిరిగిన పిల్లలే.

"ఏం సాయిబూ, అంత ఆలోచనేంది?"

"అవ్ అన్నా," అన్నాడు సత్తార్. "నా బిడ్డ చెప్పిందే నిజం."

లోపల రజియా నోట్లో కొంగు కుక్కుకుంది.

ముత్యాలు తలాడించాడు. ఒకసారి కాదు, చాలాసేపు. తనకు తానే ఏదో సర్దిచెప్పుకుంటున్నట్టు.

"సరే. మా నోరు జారలే. మా తప్పు లేదు. వేల్పును పిలుసుకుంటం." పందిరి గుంజ వదిలేశాడు. "కానీ సాయిబూ, ఇగ నీ ఇంటికి మాకు తెగినట్టే. మా దూది నీకు రాదు. నీ నీళ్లు మేం తాగం. నేను సచ్చినా నువ్వు రావొద్దు. నువ్వు పోయినా నేను రాను."

"అన్నా..."

"అన్న అనకు."

ఊటవాగు గుంపులో ఒక ఇంటితో తెంపుకునే పద్ధతి ఒకటుంది. ఆ ఇల్లు పెట్టింది ఆ ఇంటి గడప ముందే పారబొయ్యాలి. వచ్చిన ప్రతి మనిషీ తన చేత్తో పొయ్యాలి. ఎవరైనా పొయ్యకుండా తాగితే, వాళ్లు ఆ ఇంటి మనిషి కింద లెక్క. ఇక గుంపు మనిషి కాదు.

ముత్యాలు వంగి ఒక గ్లాసు తీసుకున్నాడు. సత్తార్ కాళ్ల ముందు బోర్లించాడు. మట్టిలో చిన్న మడుగు అయింది. గ్లాసు కింద పెట్టి వెనక్కి తిరిగి నిలబడ్డాడు.

తర్వాత అతని భార్య గంగక్క. తర్వాత శివ. గెలిచిన ముఖం పెట్టుకుని గ్లాసు తీసుకున్నాడు గానీ, పోసేటప్పుడు వాడి చూపు కూడా నేల మీదికి వాలిపోయింది. చిన్నప్పుడు ఈ షాపు దూది కుప్పల్లో దూకి ఆడుకున్నవాడే. ఒక్కొక్కరే వస్తున్నారు, వంగుతున్నారు, పోస్తున్నారు. పోసిన టీ ధార కట్టి సత్తార్ చెప్పుల కిందికి పారింది. ఆయన కాలు తియ్యలేదు.

సనోబర్‌కు అప్పుడు తెలిసింది, ఇక ఒక్క అక్షరం కూడా రాయలేనని. రాస్తే ఆ అక్షరాల్లో ఈ చప్పుడే వినబడుతుంది.

పళ్లెంలో ఒక్క గ్లాసు మిగిలింది.

పుష్పలత లేచి వచ్చింది. గ్లాసు చేతిలోకి తీసుకుంది. పొయ్యడానికి ముందుకు వంచింది కూడా.

సత్తార్ తల ఎత్తాడు. ఆయన కళ్ల నిండా నీళ్లున్నాయి. "పొయ్యి బిడ్డా," అన్నాడు మెల్లగా, ఆమెకు ఒక్కదానికే వినబడేలా. "పోసెయ్యి. జల్దీ."

పుష్పలత చెయ్యి ఆగిపోయింది.

ఆయనకు తెలుసని ఆమెకు అర్థమైంది. అన్నీ తెలిసే, ప్రాణస్నేహితుడి ముఖం మీద, తన కోసం అబద్ధమాడాడు.

"పుష్పా," అంది సనోబర్, పెదవులు కదిలీ కదలకుండా. "నీ బిడ్డ..."

"పొయ్యవేందక్కా?" అన్నాడు శివ వెనక నుంచి.

ముత్యాలు ఇంకా అటు తిరిగే ఉన్నాడు. చివరి గ్లాసు చప్పుడు కోసం ఎదురుచూస్తున్న అతని వీపు, ఆ చప్పుడు రాకపోయేసరికి, కొద్దికొద్దిగా ఇటు తిరగసాగింది.

పుష్పలత గ్లాసు మీది మీగడను వేలితో పక్కకు తీసింది.

చల్లారిపోయిన టీని పెదవుల దాకా ఎత్తింది.